పదో బాతుపిల్ల

దుప్పటి కప్పుకున్నావా పండూ? కాళ్ళు కూడా లోపల పెట్టు. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా... అంటే మరీ రాజుల కాలం కాదులే, మీ అమ్మ నీ అంత ఉన్నప్పటి మాట. ఒక ఊళ్ళో ఒక కాలవ ఉండేది. ఊళ్ళో కాలవ ఉందో, కాలవలో ఊరుందో చెప్పడం కష్టం. ఎటు చూసినా నీళ్ళే. ఆ ఊరి పేరు బాడవపాలెం. ఆ కాలవ గట్టున ఒక తాటాకిల్లు. ఆ ఇంట్లో నూకాలు అనే పిల్ల ఉండేది. ఐదేళ్ళది. ముందు పన్ను ఒకటి ఊడింది, ఇంకోటి ఊగుతోంది. అచ్చం నీలాగే.

నూకాలు వాళ్ళ నాన్న ధాన్యం లారీ మీద పోయి పది రోజులకోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ కొండమ్మ, తాత పోలయ్య, ఒక కోడి, ఒక కుక్క.

కుక్క పేరు బూచిగాడు. పేరు విని భయపడకు. వాడికే అందరన్నా భయం. పిల్లి వస్తే మంచం కిందికి దూరేవాడు. కాలవ నీళ్ళంటే మరీ భయం, కాలు తడిస్తే ఏడ్చేవాడు. రాత్రి నూకాలు పాదాల దగ్గర పడుకుంటేనే వాడికి నిద్ర పట్టేది. నూకాలుకి కూడా అంతే.

ఇక తాత సంగతి. పోలయ్య తాత పని ధాన్యం కొలవడం. కోతలైపోయి కళ్ళంలో రాశి పోశాక ఆయన కుంచం పట్టుకుని వెళ్ళేవాడు. కుంచం తెలుసు కదా? మన దేవుడి గదిలో బియ్యం పోసి పెడతామే, ఇత్తడిది, అలాంటిదే. కాకపోతే పెద్దది. మొదటి కుంచం కొలిచి 'ఒకటి' అనేవాడు కాదు. 'లాభం' అనేవాడు. రైతు ఇంటికి వెళ్ళే మొదటి గింజలు కదా, మంచి మాటతో వెళ్ళాలని. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు మామూలే. పైగా లెక్క మరిచిపోకుండా తర్వాతి కుంచం నిండేదాకా అదే అంటూ ఉండేవాడు. "లాభమూ లాభమూ లాభమూ... రెండూ రెండూ రెండూ... మూడూ మూడూ మూడూ..." అలా పాటలా సాగేది.

నలభై ఏళ్ళలో ఆయన లెక్క ఒక్కసారి తప్పలేదట. ఇప్పుడు కళ్ళు మసకేశాయి. అయినా చేతికి తెలుస్తుంది కదా కుంచం నిండిందో లేదో.

మీ తాతయ్య కాలేజీలో ఇంతింత లెక్కల పుస్తకాలు చదివారు. అయినా కొట్టుకి పంపితే నాలుగు చెబితే మూడే తెస్తారు.

"వింటున్నానే" అంటున్నారు చూడు పక్క మంచం మీంచి. విననీ. మనం కథలోకి పోదాం.

కొండమ్మకి బాతుగుడ్లు దొరికాయి. బాతుకి గుడ్లు పెట్టడం వచ్చు గానీ వాటి మీద కూర్చునే ఓపిక ఉండదు. అందుకని కొండమ్మ ఆ గుడ్లని కోడి కింద పెట్టింది. కోడి పాపం తన గుడ్లే అనుకుని పొదిగింది. పది పిల్లలు బయటికొచ్చాయి. పసుపు ముద్దల్లా ఉన్నాయి. నాలుగు రోజులకి అవన్నీ బుడుంగున కాలవలో దిగాయి. కోడి గట్టు మీద నిలబడి ఒకటే కేకలు. నా పిల్లలు మునిగిపోతున్నాయి మొర్రో అని. అవేమో నీళ్ళలో తోకలు ఊపుతున్నాయి. పిల్లలు మనకి రాని పని చేస్తుంటే అలాగే ఉంటుంది పండూ. మీ అమ్మ మొదటిసారి సైకిలెక్కినప్పుడు నేనూ అలాగే అరిచాను. సరే, అది వేరే కథ.

కాలవకీ పెరటికీ మధ్య ఒక తాటిపట్టె వేసి ఉండేది, చిన్న వంతెనలాగ. సాయంత్రం బాతుపిల్లలు దాని మీద ఒకదాని వెనక ఒకటి వరసగా ఇంటికొచ్చేవి. వరసలో ఉన్నప్పుడే వాటిని లెక్కపెట్టాలి. గంపలోకి పోయాక ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. గంప ఎత్తితే తలో దిక్కూ పారిపోతాయి. అందుకని లెక్కపెట్టి గంప మూసే పని నూకాలుది. తాత దగ్గర నేర్చుకున్నట్టే లెక్కపెట్టేది. "లాభం, రెండు, మూడు..." చివరికి "పది!" అని అరిచేది. కొండమ్మ పొయ్యి దగ్గర్నించే "ఊఁ" అనేది. అంతే, ఆ పూటకి బాతుల పని అయిపోయినట్టే.

అప్పుడు నూకాలుని అంగన్‌వాడీలో వేశారు.

అక్కడ టీచర్ పేరు విమలమ్మ. ఆవిడ పిల్లల్ని కూర్చోబెట్టి బోర్డు మీద అంకెలు రాసి వల్లె వేయించే రకం కాదు. అంకెల పుస్తకం తనే తయారు చేసుకుంది. పాత క్యాలెండర్ అట్టలు, చీర ముక్కలు, బంక, సూదీదారం, అంతే. మొదటి పేజీలో ఎర్ర గుడ్డతో ఒక సూర్యుడు. రెండో పేజీలో రెండు గుండీల కళ్ళు. మూడో పేజీలో మూడు పొయ్యి రాళ్ళు, నిజం గులకరాళ్ళే అంటించింది. నాలుగో దాంట్లో మంచానికి నాలుగు కోళ్ళు. ఐదో దాంట్లో ఒక పిల్ల చేతి ముద్ర. అలా పోయి పోయి తొమ్మిదో పేజీలో నవధాన్యాలు. వడ్లు, గోధుమలు, పెసలు, కందులు, శనగలు, మినుములు, నువ్వులు, ఉలవలు, బొబ్బర్లు. ఒక్కొక్కటీ ఒక్కొక్క గింజ, బంకతో వరసగా.

పదో పేజీ ఖాళీగా ఉంచింది. "ఇది మీరు చెయ్యాలి. పది ఏమేం ఉంటాయో ఇంటి దగ్గర వెతుక్కురండి" అంది.

పుస్తకం చేతికిచ్చి తడమమనేది. పిల్లలు ఒక్కొక్క బొమ్మనీ వేలితో ముట్టుకుంటూ "ఒకటి, రెండు, మూడు" అనేవాళ్ళు. నూకాలు మాత్రం సూర్యుణ్ణి ముట్టుకుని "లాభం" అంది. పిల్లలంతా నవ్వారు. టీచర్ నవ్వలేదు. "ఇక్కడ ఒకటి అందాం తల్లీ" అంది మెల్లిగా.

ఆ పూట నూకాలు ఇంటికొచ్చి తాతతో చెప్పింది.

"ఒకటి అనాలంట తాతా."

తాత మూతి ముడిచాడు. "ఒకటేంటే ఒంటి పిల్లిలాగ! మనింట్లో మొదటిది లాభమే. నా మనవరాలు లాభం అనకపోతే నా కుంచం ఊరుకుంటదా?" అన్నాడు. ఆ తర్వాత కుంచం భుజాన పెట్టుకుని కళ్ళానికి పోయాడు. కోతల రోజులు. మర్నాటి నుంచి చీకటితో వెళ్ళి, నూకాలు నిద్రపోయాక వచ్చేవాడు.

నూకాలు ఆలోచించింది. లాభం అనకపోతే తాత కుంచానికి కోపం. ఒకటి అనకపోతే టీచర్‌కి కోపం. ఇద్దరూ మంచివాళ్ళే. ఎవరికీ కోపం రాకూడదు. అప్పుడు ఏం చేసిందో తెలుసా? రెండూ అనేసింది.

సాయంత్రం బాతుపిల్లలు వరసగా వచ్చాయి. మొదటి పిల్లని చూసి "లాభం" అంది. రెండో పిల్లని చూసి "ఒకటి" అంది. మూడో పిల్లని చూసి "రెండు" అంది...

ఏంటి, నీకు తెలిసిపోయిందా? ఉష్! నీకు తెలిసింది గానీ వాళ్ళకి తెలియలేదు. నోటి మీద వేలేసుకో.

ఆఖరి పిల్ల గంపలోకి పోయేసరికి "తొమ్మిది" వచ్చింది. నూకాలు పట్టె మీదికి చూసింది. ఇంకెవరూ లేరు.

"అమ్మా! ఒక పిల్ల రాలేదే!"

కొండమ్మ గరిట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ముందు కాలవ గట్టున తుంగలో వెతికారు. లేదు. ఆ తర్వాత పక్కింటి వాళ్ళ పాదుల్లో వెతికారు. లేదు. ఆ తర్వాత ఖాళీ గంపల వెనక వెతికారు. అక్కడ బూచిగాడు ముడుచుకుని నిద్రపోతున్నాడు. వెచ్చగా ఉంటుందని, బాతుల గంపలోంచి తీసి పడేసిన గడ్డిలో పడుకున్నాడు. వాడి ముక్కు మీద ఒక చిన్న పసుపు ఈక.

"ఇదీ సంగతి" అంది కొండమ్మ.

"వాడు కాదమ్మా! వాడికి బాతులంటే భయం."

"భయముంటే ఈకెక్కడిదే? ఒకటి రుచి చూసినోడు రెండోది వదులుతాడా? ఎల్లుండి మీ నాగేసు మావయ్య పడవేసుకుని వస్తన్నాడు. చేపల చెరువు కాపలాకి కుక్క కావాలన్నాడు. పట్టుకుపోతాడులే."

చేపల చెరువంటే చుట్టూ నీళ్ళు. బూచిగాడికి నీళ్ళంటే ఏడుపు. నూకాలు ఆ పూట అన్నం తినలేదు. ఏడవను కూడా లేదు. అమ్మకి ఈక కనబడింది గానీ, ఒక పిల్ల రాలేదని చెప్పింది తనే కదా.

మర్నాడు అంగన్‌వాడీలో నూకాలు పుస్తకం ముట్టుకోలేదు. విమలమ్మ వచ్చి దాని పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. నూకాలు బూచిగాడి సంగతంతా చెప్పింది. తన లెక్క సంగతి చెప్పలేదు. అది తప్పని తనకి తెలిస్తే కదా.

విమలమ్మ గుప్పెడు చింతగింజలు నూకాలు ఒళ్ళో పోసింది.

"ఇవాళ నోటితో లెక్కపెట్టకు. పెదవులు మూసుకో. ఒక పిల్ల పట్టె దాటగానే ఒక గింజ గిన్నెలో వెయ్యి. ఇంకో పిల్ల, ఇంకో గింజ. అంతే. గిన్నెలోవి రేపు నాకు తెచ్చి చూపించు."

నూకాలు అలాగే చేసింది. పెదవులు ఎంత గట్టిగా మూసుకుందంటే ఊగుతున్న పన్ను అప్పుడే ఊడింది. దాన్ని కూడా దాచుకుంది, కానీ గిన్నెలో కాదు, వేరే.

మూడో రోజు పొద్దున్న గింజలు తెచ్చి ఇచ్చింది. విమలమ్మ పుస్తకంలో తొమ్మిదో పేజీ తీసింది.

"ఒక్కొక్క ధాన్యం పక్కన ఒక్కొక్క చింతగింజ పెట్టు నూకాలూ."

వడ్ల గింజ పక్కన ఒకటి. గోధుమ గింజ పక్కన ఒకటి. పిల్లలంతా చుట్టూ మూగి తలలు పెట్టి చూస్తున్నారు. పెసలు, కందులు, శనగలు, మినుములు, నువ్వులు, ఉలవలు. బొబ్బర గింజ పక్కన కూడా పెట్టేసింది. అరచేతిలో ఇంకా ఒక గింజ ఉంది.

"మిగిలిపోయింది టీచర్!"

"అయితే నీ బాతుపిల్లలు తొమ్మిదేనా?"

నూకాలు అరచేతిలోకి చూసింది. పేజీ వంక చూసింది. మళ్ళీ అరచేతిలోకి చూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇప్పుడు ఇవన్నీ నోటితో లెక్కపెట్టు, ఇంట్లో పెట్టినట్టే" అంది విమలమ్మ.

"లాభం, ఒకటి, రెండు, మూడు..."

విమలమ్మ నుదుటి మీద చెయ్యేసుకుంది. "మొదటి గింజకి లాభం అన్నావు. మరి రెండో గింజకి ఒకటి అన్నావేం?"

"లాభం తాతకి. ఒకటి మీకు."

అప్పుడు విమలమ్మ నూకాలుని దగ్గరికి తీసుకుని, "నీ బాతుపిల్ల ఎక్కడికీ పోలేదు. పరిగెత్తు, మీ అమ్మకి చెప్పు" అంది. తను కూడా పిల్లలకి అన్నాలు పెట్టి వస్తానంది.

నూకాలు పరిగెత్తింది. ఇంటి దగ్గర నాగేసు మావయ్య చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. బూచిగాడి మెడకి తాడు. పడవలో ఎక్కించేశారు కూడా. వాడు నీళ్ళ వంక చూసి గజగజా వణుకుతున్నాడు.

"అమ్మా, పదీ ఉన్నాయే! నా లెక్కే తప్పు. చింతగింజలు చెప్పాయి."

కొండమ్మ పకాలున నవ్వింది. "చింతగింజలు మాట్లాడుతున్నాయంట వినరా నాగేసూ. కుక్క మీద ప్రేమతో ఇదెన్ని కతలైనా చెబుతుంది. మీ తాత కొలిచి చెబితే నమ్ముతా, పో."

"తాత వచ్చేదాకా ఉండు మావయ్యా!"

"ఎక్కడుండనే? నా చేపలు ఆకలికి చొక్కాలు చింపుకుంటాయి" అన్నాడు మావయ్య.

అప్పుడు నూకాలు కళ్ళానికి పరిగెత్తింది. గట్టు మీద పరిగెత్తింది, నీళ్ళ బోదె దాటింది, కోసిన వరి మోళ్ళు గుచ్చుకుంటున్నా పరిగెత్తింది. కళ్ళంలో తాత కొలుస్తున్నాడు. "ఇరవయ్యారూ ఇరవయ్యారూ ఇరవయ్యారూ..." రాశి ఇంకా మూడోవంతు ఉంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కొలిచే మనిషిని మధ్యలో పలకరించకూడదు. పలకరిస్తే లెక్క జారిపోతుంది. బస్తాల్లో పోసిందంతా మళ్ళీ కుమ్మరించి మొదటి నుంచి కొలవాలి. రైతు మొగుడూపెళ్ళాలు ఇద్దరూ ఎండలో నిలబడి ఉన్నారు.

నూకాలు అరుద్దామని నోరు తెరిచింది. మూసుకుంది. తాత పంచె లాగుదామని చెయ్యి చాపింది. వెనక్కి తీసుకుంది. ఒక్క లెక్క తప్పితే ఏమవుతుందో దానికి ఇప్పుడు బాగా తెలుసు. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. కళ్ళ నీళ్ళు వేళ్ళ మీద నుంచి కారుతున్నాయి. "ముప్ఫయ్యొకటీ ముప్ఫయ్యొకటీ..." అక్కడ పడవ కదిలిపోతూ ఉంటుంది. "ముప్ఫయ్యెనిమిదీ..." అయినా కదల్లేదు.

"నలభై!" తాత కుంచం బోర్లించాడు. రాశి అయిపోయింది. అప్పుడు, మసక కళ్ళతోనే ఇటు తిరిగాడు.

"ఎంతసేపయిందే వచ్చి? ముక్కు ఎగబీలుస్తుంటే ఇందాకట్నుంచీ వినబడతానే ఉంది."

"తాతా, బూచిగాణ్ణి తీసుకుపోతున్నారు!"

అంతే, కుంచం చంకన పెట్టి మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. వాళ్ళు వచ్చేసరికి పడవ గట్టు వదిలి గడకర్రకి అందనంత దూరం పోయింది. పోలయ్య తాత గొంతు ఎలాంటిదనుకున్నావు? పది కళ్ళాల అవతలికి వినబడే గొంతు.

"ఒరే నాగేసూ! తిప్పరా పడవ!"

నాగేసు మావయ్య చేతిలో గడకర్ర జారింది. పడవ దానంతటదే తిరిగినంత పని అయింది. అదే సమయానికి విమలమ్మ కూడా వచ్చింది. వెనకాల అంగన్‌వాడీ పిల్లలు, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని, అచ్చం బాతుపిల్లల్లాగే వరసగా.

తాత తాటిపట్టె చివర గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. నూకాలు తవుడు చల్లి "బా బా బా" అని పిలిచింది. కాలవలోంచి బాతుపిల్లలు పట్టెక్కాయి. తాత ఒక్కొక్కదాని వీపు మీదా అరచెయ్యి వేసి వదులుతున్నాడు.

"లాభమూ లాభమూ లాభమూ... రెండూ రెండూ... మూడూ మూడూ..."

కోడి కూడా అరవడం మానేసింది. కొండమ్మ కొంగు కొరుకుతోంది. "ఎనిమిదీ ఎనిమిదీ..." పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. "తొమ్మిదీ తొమ్మిదీ తొమ్మిదీ..."

తాత చెయ్యి అలాగే చాపి ఉంది. పట్టె మీద ఏమీ లేదు. కాలవలో ఒక పిల్ల, అన్నిట్లోకీ బద్ధకంది, నాచు తింటూ కూర్చుంది. తోక ఊపింది. మునిగింది. తేలింది. అప్పుడు తాపీగా పట్టెక్కింది.

"పదీ!" అన్నాడు తాత.

బూచిగాడు పడవలోంచి నీళ్ళలోకి దూకేశాడు. నిజం! నీళ్ళంటే ఏడ్చేవాడు ఈదుకుంటూ వచ్చి నూకాలు మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి తడిసి ముద్దయ్యారు.

"మరి తొమ్మిదెలా అయ్యాయే?" అన్నాడు తాత.

"లాభమూ అన్నాను, ఒకటీ అన్నాను. నీకూ టీచర్‌కీ ఇద్దరికీ కోపం రాకూడదని."

"ఇందులో సగం తప్పు నాదేనమ్మా" అన్నాడు తాత విమలమ్మతో.

"ఆ మిగతా సగం నాదండీ" అంది విమలమ్మ. "అది లాభం అన్నప్పుడు ఎందుకన్నావని నేను అడగలేదు."

"మరి నా చేపలకి కాపలా ఎవరు?" అన్నాడు నాగేసు మావయ్య.

"నువ్వే కాయి మావయ్యా. నువ్వు బాతుల్ని తినవు కదా" అంది నూకాలు. అందరూ నవ్వారు. కొండమ్మ మాత్రం లోపలికెళ్ళి, తన కోసం దాచుకున్న కొరమీను తలకాయ అన్నంలో కలిపి తెచ్చి బూచిగాడి ముందు పెట్టింది. వాడు తింటున్నంతసేపూ పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత అంకెల పుస్తకంలో రెండు మార్పులు వచ్చాయి. పదో పేజీ నిండింది. నూకాలు పసుపు గుడ్డ ముక్కలు కత్తిరించి, చింతగింజలు కళ్ళుగా పెట్టి, పది బాతుపిల్లల్ని అంటించింది. పదోది మిగతావాటికి కాస్త దూరంగా ఉంటుంది. అది బద్ధకంది కదా. మొదటి పేజీలో సూర్యుడి కింద విమలమ్మ ఒకే గీత మీద రెండు మాటలు రాసింది: ఒకటి, లాభం. "రెంటిలో ఏదో ఒకటే అనాలి" అని పిల్లలకి చెప్పింది. అప్పట్నించీ ఆ అంగన్‌వాడీలో రోజూ ఒక పిల్ల ఒకటి అంటే, ఇంకో పిల్ల లాభం అనేది. ఆ పైన అందరికీ రెండే.

ఏదీ, ఇప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని నాతో అను.

లాభం లాభం గూట్లో దీపం,
రెండూ రెండూ పండు కళ్ళు,
మూడూ మూడూ పొయ్యి రాళ్ళు,
నాలుగు నాలుగు మంచం కోళ్ళు,
ఐదూ ఐదూ అమ్మమ్మ వేళ్ళు,
ఆరూ ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ,
పదీ పదీ బాతుపిల్లలు!
పడవెక్కి కథ కంచికి పోయె,
కునుకెక్కి పండు కలలోకి పోయె.

పండూ... పడుకున్నావా? రెండు దగ్గరే పడుకున్నట్టున్నావు.

ఏమండీ, ఆ దీపం కాస్త తగ్గించండి. ఆఁ, మీరు కూడా పది దాకా అన్నారని నాకు వినబడిందిలెండి.